చెప్పుకోగలిగినంత దూరం

ముఖం చూపించకుండా మనసు విప్పే వీలు ఇప్పుడు చేతిలోని ఫోన్‌లోనే దొరుకుతోంది. ఆ మాటలు వింటున్నది ఎవరు? వాటిని ఎక్కడ దాస్తున్నారు? ఆపద ముంచుకొస్తే ఎవరు పరుగెత్తుకొస్తారు? ఆన్‌లైన్ కౌన్సెలింగ్ మంచిచెడ్డల మీద రాంగోపాల్‌పేట్ నుంచి ఈ ఆదివారం ముఖచిత్ర కథనం.

కౌన్సెలింగ్ అన్న మాట మన ఇళ్లలోకి ఎంసెట్ ర్యాంకు కార్డుతో వచ్చింది. సర్టిఫికెట్ల ఫైలు చంకన పెట్టుకుని, ఏ కాలేజీలో ఏ బ్రాంచి వస్తుందోనని నాన్న పక్కన కూర్చుని ఎదురుచూడటమే చాలాకాలం మనకు తెలిసిన కౌన్సెలింగ్. ఆ తర్వాత అదే మాట పోలీసు వార్తల్లో కనిపించింది. తాగి బండి నడిపినవాళ్లకు, వీధిలో కొట్టుకున్న కుర్రాళ్లకు, గొడవపడి స్టేషన్ మెట్లెక్కిన ఆలుమగలకు ‘కౌన్సెలింగ్ ఇచ్చి పంపించారు’ అని చదివాం. ఆ వాక్యంలో ఇచ్చేవాళ్లు మాట్లాడతారు, పుచ్చుకునేవాళ్లు తల వంచుకుని వింటారు.

సికింద్రాబాద్ రాంగోపాల్‌పేట్‌లో, ఎం.జి. రోడ్డు మీద, గడియార గోపురంతో ఒక పాత పోలీస్ స్టేషన్ భవనం ఉంది. పాతకాపులకు అది జేమ్స్ స్ట్రీట్ ఠాణా. 1900 నాటి ఆ కట్టడానికి దాత దివాన్ బహదూర్ సేట్ రాంగోపాల్. పేటకు పేరూ ఆయనదే. ఆ గడియారం కింద నుంచి బయల్దేరి, రాణిగంజ్ మోటార్ల దుకాణాలు దాటి, కొద్ది దూరం వెళితే సింధీ కాలనీ వస్తుంది. అక్కడ 1997 నుంచి ఇంకో రకం పని జరుగుతోంది. ‘రోష్ని’ అనే స్వచ్ఛంద సంస్థ హెల్ప్‌లైన్ అది. మనసు విరిగినవాళ్లు, బతుకు మీద ఆశ సన్నగిల్లినవాళ్లు ఫోన్ చేస్తారు. శిక్షణ పొందిన వాలంటీర్లు ఎత్తుతారు. డబ్బు అడగరు. తప్పొప్పుల తీర్పు చెప్పరు. మాట్లాడేది ఫోన్ చేసినవాళ్లు, వినేది అవతలివాళ్లు.

ఒకే మాటకు ఈ పక్కా ఆ పక్కా ఉన్న రెండు అర్థాలివి. ఒకచోట కౌన్సెలింగ్ అంటే చెప్పడం, ఇంకోచోట వినడం. ఇవాళ యాప్‌లు, వీడియో కాల్స్, వాట్సాప్ చాట్‌ల రూపంలో ఇంటింటికీ వచ్చిన ఆన్‌లైన్ కౌన్సెలింగ్ ఈ రెండో తోవలో నడవాల్సింది. నడుస్తోందా అన్నదే ప్రశ్న.

ఉత్తరాల కాలం నుంచే

ముఖం కనపడకుండా కష్టం చెప్పుకోవడం తెలుగువాళ్లకు ఇంటర్నెట్ నేర్పలేదు. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ ‘ప్రమదావనం’ శీర్షికను నాలుగు దశాబ్దాలకు పైగా నడిపారు. అత్తింటి ఆరళ్ల నుంచి పెళ్లికాని దిగులు దాకా, తల్లితో చెప్పుకోలేని సంగతులు ఆడపిల్లలు ఆమెకు ఉత్తరాల్లో రాసుకున్నారు. స్వాతి వారపత్రికలో విజయవాడ డాక్టర్ జి. సమరం జవాబులిస్తుంటే, పక్కింటి డాక్టరుకు చెప్పడానికి సిగ్గుపడే ప్రశ్నలను వేలమంది ధైర్యంగా పోస్టు చేశారు. అడిగేవాళ్ల ముఖం జవాబిచ్చేవాళ్లకు తెలియదు. ఆ తెలియకపోవడమే కలానికి బలం.

లండన్‌లో 1953లో చాద్ వారా అనే మతగురువు, చనిపోవాలనుకుంటున్నవాళ్లు తనకు ఫోన్ చేయవచ్చని ప్రకటించాడు. అదే ‘సమారిటన్స్’ సంస్థకు మొదలు. నేరుగా వచ్చేవాళ్లూ ఉండేవారు. లోపల ఆయన ఒకరితో మాట్లాడుతుంటే, బయట కూర్చున్నవాళ్లకు వాలంటీర్లు టీ ఇచ్చి కబుర్లు చెప్పేవారు. చాలామందికి ఆ టీ దగ్గరే మనసు తేలికపడి, లోపలికి వెళ్లాల్సిన అవసరమే తీరిపోయేది. అది గమనించిన వారా, కొద్ది నెలల్లోనే ఆ పనిని వాలంటీర్ల చేతుల్లో పెట్టేశాడు. చెన్నైలో 1986లో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ స్థాపించిన ‘స్నేహ’, మన సింధీ కాలనీ ‘రోష్ని’ ఆ తోవలోవే.

ముఖాలు కనపడని చోట మనిషి లోపలి మాట త్వరగా బయటకొస్తుందన్న సంగతిని అమెరికా సైకాలజిస్టు జాన్ సూలర్ 2004లో ఒక వ్యాసంలో వివరించాడు. ఎదుటివాళ్ల కళ్లలో తన తప్పు కనపడదు కాబట్టి నోరు తెరుచుకుంటుంది. అదే కారణంతో నోరు అదుపు తప్పుతుంది కూడా. ఆన్‌లైన్ కౌన్సెలింగ్ మేలూ కీడూ రెండూ ఈ ఒక్క దూరంలోంచే పుట్టాయి.

ఎర్రగడ్డ అన్న పేరు

హైదరాబాద్‌లో ఎవరినైనా ఎగతాళి చేయాలంటే ‘ఎర్రగడ్డకు పంపాలి’ అంటారు. విశాఖలో అదే మాటకు చినవాల్తేరు ఉంది. రోగుల కోసం కట్టిన రెండు ప్రభుత్వాసుపత్రుల పేర్లను మనం తిట్లుగా మార్చుకున్నాం. ఆ తిట్టు వింటూ పెరిగిన మనిషి, తనకు నిద్ర పట్టనప్పుడు, కారణం లేకుండా ఏడుపొస్తున్నప్పుడు, సైకియాట్రిస్టు గడప తొక్కడానికి ఎందుకు జంకుతాడో వేరే చెప్పక్కర్లేదు. చూస్తే ఎవరైనా ఏమనుకుంటారు? పిల్ల పెళ్లి సంబంధాలకు అడ్డొస్తుందేమో? ఈ రెండు భయాలను ఫోన్ తెర సగానికి తగ్గిస్తుంది. ఆన్‌లైన్ కౌన్సెలింగ్ చేసిన మొదటి మేలు ఇదే. దీన్ని తక్కువ చేసి చూడకూడదు.

రెండో మేలు అందుబాటు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, వైద్యం అవసరమైనా అందనివాళ్ల వాటా జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం వరకు ఉంది. మన దేశంలో లక్ష జనాభాకు సైకియాట్రిస్టులు ఒక్కరు కూడా లేరు, 0.75 మాత్రమే. ముగ్గురైనా ఉండాలన్నది నిపుణుల మాట. ఉన్న కొద్దిమందీ పెద్ద నగరాల్లోనే. మినిస్టర్ రోడ్డులో కిమ్స్ ఆసుపత్రి నడక దూరంలో ఉన్న రాంగోపాల్‌పేట్ మనిషికీ, ఆసిఫాబాద్ గూడెంలోని మనిషికీ మధ్య తేడాను తగ్గించగలిగేది ఇప్పటికి ఫోన్ ఒక్కటే.

మరి ఫోన్‌లో జరిగేది పనిచేస్తుందా? 2018లో స్వీడన్ పరిశోధకుడు పెర్ కార్ల్‌బ్రింగ్ బృందం 20 అధ్యయనాలను కలిపి పరిశీలించింది. ఆందోళన, కుంగుబాటు లాంటి సమస్యల్లో, నిపుణుల తోడుతో ఇంటర్నెట్‌లో సాగే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనల తీరును సరిదిద్దే మాటల చికిత్స), ఎదురుగా కూర్చుని చేసే చికిత్సతో దాదాపు సమానంగా పనిచేస్తోందని తేల్చింది. ఇక్కడ ‘నిపుణుల తోడుతో’ అన్న ముక్కను పాఠకులు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఫలితమిచ్చింది యాప్ ఒక్కటే కాదు, దాని వెనక కూర్చున్న మనిషి కూడా.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు, టెలి మానస్ హెల్ప్‌లైన్ ప్రారంభించింది. నంబర్ 14416. రోజంతా, రాత్రంతా పనిచేస్తుంది, ఉచితం. తెలుగు సహా 20 భాషల్లో మాట్లాడొచ్చు. ముందు శిక్షణ పొందిన కౌన్సెలర్ ఎత్తుతారు. అవసరమైతే పైమెట్టులోని నిపుణుల దగ్గరికి, అక్కణ్నుంచి జిల్లా ఆసుపత్రికి దారి చూపుతారు. 2024 నడుమకల్లా ఆ నంబర్‌కు వచ్చిన కాల్స్ పది లక్షలు దాటాయి. ఇది బటన్ ఫోన్‌తోనూ పనిచేయడం అన్నిటికన్నా ముఖ్యం. ఎందుకంటే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి, ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు తెలంగాణలో 26.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతమే. వీడియో కాల్‌నే కౌన్సెలింగ్ అనుకుంటే, అత్యవసరంగా కావాల్సిన ఆడవాళ్లే బయట మిగిలిపోతారు.

రంది, మనాది, బుగులు

మా పెద్దమ్మ గుండె బరువుగా ఉందంటూ ఏళ్ల తరబడి ఆసుపత్రుల చుట్టూ తిరిగింది. తీసిన ప్రతి ఈసీజీ బాగానే ఉందన్నారు. ‘ఏం లేదమ్మా, గ్యాస్’ అని పంపించారు. కొడుకు దూరమైనప్పటి నుంచి ఆమెకు ఆ బరువు మొదలైందని ఇంట్లో అందరికీ తెలుసు. దాన్ని జబ్బు అనుకోలేదు కాబట్టి ఎవరమూ అడగలేదు. ‘నాకు మనాది పట్టుకుంది బిడ్డా’ అని ఆమె ఒకసారి నాతో అంది. ఆ మాట విన్నాక కూడా నేను ఆమె పక్కన ఒక గంట కూర్చోలేదు. ఈ వ్యాసం రాస్తున్నంతసేపూ ఆ గంట నాకు గుర్తొస్తూనే ఉంది.

తెలంగాణలో దుఃఖానికి ఎన్ని మాటలున్నాయో చూడండి. లోలోపల తినేసే చింత రంది. మానకుండా సలిపే దిగులు మనాది. చీకటిలో గుండె ఝల్లుమనే భయం బుగులు. కృష్ణా, గోదావరి తీరాల్లో బెంగ అంటారు. ఇవన్నీ ‘డిప్రెషన్’, ‘యాంగ్జయిటీ’ అనే రెండు డబ్బాల్లో పట్టవు. ఇంగ్లిష్ ప్రశ్నావళి నింపమని అడిగే యాప్ దగ్గర మా పెద్దమ్మ ఏ గడిలో టిక్ పెట్టేది? మంచి కౌన్సెలర్‌కు ఉండాల్సిన మొదటి అర్హత, వచ్చినవాళ్ల మాటను వాళ్ల యాసలోనే అందుకోవడం.

ఈ విషయంలో దూరం మేలే చేసింది. డల్లాస్‌లో చదువుకుంటున్న వరంగల్ అబ్బాయి, న్యూజెర్సీలో ఉద్యోగ వీసా లేక నాలుగు గోడల మధ్య ఉండిపోయిన గుంటూరు అమ్మాయి, అక్కడి థెరపిస్టుకు ‘మేనరికం’ అంటే ఏమిటో, ‘నలుగురూ ఏమనుకుంటారు’ అన్న మాట బరువెంతో వివరించలేక, రాత్రి పదింటికి హైదరాబాద్‌లోని తెలుగు సైకాలజిస్టును వెతుక్కుంటున్నారు. ఇక్కడ అప్పటికి తెల్లారి ఉంటుంది. అయితే ఇందులోనూ ఒక చిక్కుంది. అమెరికాలో చికిత్స చేసేవాళ్లకు, రోగి ఏ రాష్ట్రంలో కూర్చుని మాట్లాడుతున్నారో ఆ రాష్ట్రపు లైసెన్సు ఉండాలన్నది సాధారణ నియమం. భాష కలిసినంత సులభంగా చట్టం కలవదు. ఆ సంగతి మొదటి రోజే విప్పి చెప్పే నిపుణులను నమ్మవచ్చు.

గది లేని ఇల్లు

ఆన్‌లైన్ కౌన్సెలింగ్ ప్రకటనల్లో ఒక బొమ్మ తప్పకుండా ఉంటుంది. కిటికీ పక్కన సోఫా, చేతిలో కాఫీ కప్పు, ఒళ్లో ల్యాప్‌టాప్, పక్కన ఎవరూ ఉండరు. నల్లగుట్ట గల్లీల్లో రెండు గదుల ఇంట్లో ఆరుగురు ఉండే కుటుంబాన్ని తలచుకోండి. కోడలు వీడియో కాల్‌లో కూర్చుంటే అత్తగారు వంటింట్లో, మరిది టీవీ ముందు, పిల్లలు మంచం మీద. గోడలు వింటాయన్న మాట అక్కడ సామెత కాదు, ప్లాస్టరింగ్ మందం. ఆమె ఏం చెప్పగలదు? ‘ఆ, బాగానే ఉన్నానండి’ అంటుంది. అవతలి కౌన్సెలర్ అదే రాసుకుంటారు.

కొందరు డాబా మీదికి వెళతారు. కొందరు నెక్లెస్ రోడ్డు పక్కన బండి ఆపుకుని, హెల్మెట్ తీయకుండానే మాట్లాడతారు. క్లినిక్‌లో మూసిన తలుపు కూడా చికిత్సలో భాగమే. ఆన్‌లైన్‌లో ఆ తలుపును రోగే ఎక్కడో వెతుక్కోవాలి. ఇంట్లో కొట్టే మనిషి ఉంటే సంగతి మరీ కష్టం. ఫోన్ చరిత్ర చూసే భర్త, చాట్ చదివే అన్న ఉన్నచోట, కౌన్సెలింగ్ మెసేజీ ఆమెను కాపాడకపోగా ప్రమాదంలోకి నెడుతుంది. అందుకే అనుభవమున్న కౌన్సెలర్లు ముందే ఒక గుర్తు మాట పెట్టుకుంటారు. ‘పాలు అయిపోయాయి’ అన్నా, ‘మళ్లీ చేస్తా’ అన్నా, ఎవరో గదిలోకి వచ్చారని అర్థం.

తెర చాలా విషయాలను దాచేస్తుంది కూడా. బల్ల కింద వణుకుతున్న కాళ్లు, రోజుల తరబడి స్నానం లేని ఒళ్లు, మద్యం వాసన, మణికట్టు మీది గాటు, తలుపు తీసినప్పటి తడబాటు. ఎదురుగా ఉంటే ఒక్క చూపులో తెలిసేవి, భుజాల దాకా మాత్రమే కనిపించే వీడియోలో తెలియవు. చెవుల్లో గొంతులు వినిపిస్తున్నవాళ్లకు, మద్యం మానేటప్పుడు ఒళ్లు వణికేవాళ్లకు, తిండి మానేసి చిక్కిపోతున్న పిల్లలకు, ప్రాణాపాయం దగ్గరపడినవాళ్లకు ఆన్‌లైన్ ఒక్కటే చాలదు. నేరుగా చూడాలి. ఆ మాట నిజాయితీగా చెప్పి ఆసుపత్రికి పంపడం కౌన్సెలర్ ఓటమి కాదు, వృత్తి ధర్మం.

బోర్డు మీద పేరు

మన దేశంలో మానసిక చికిత్స రంగంలోని పెద్ద గందరగోళం పేర్లలో ఉంది. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టర్, మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్టు 1992 చట్టం కింద ఏర్పడిన రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇలాంటివాళ్లను నిర్వచించి బాధ్యతలు పెట్టింది. మరి ‘కౌన్సెలర్’? ‘లైఫ్ కోచ్’? ‘హీలర్’? రెండు వారాంతాల కోర్సు చేసినవాళ్లయినా, ఆరేళ్లు చదివినవాళ్లయినా ఇన్‌స్టాగ్రామ్‌లో ఒకే అక్షరాలతో రాసుకుంటున్నారు. 2021లో వచ్చిన జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం సైకాలజిస్టులను, కొన్ని రకాల కౌన్సెలర్లను తన జాబితాలోకి తెచ్చింది. అది ప్రతి తెర దాకా అమలయ్యేవరకు, వడ్లూ తాలూ వేరుచేసుకునే భారం రోగి మీదే పడుతోంది. మనసు కుదురుగా లేనప్పుడే ఆ భారం మోయాల్సి రావడం అన్యాయం.

2020 మార్చి 25న, లాక్‌డౌన్ మొదలైన రోజే, టెలీమెడిసిన్ మార్గదర్శకాలు వెలువడ్డాయి. దూరం నుంచి వైద్యం చేసే డాక్టర్ తన పేరు, అర్హత, రిజిస్ట్రేషన్ రోగికి తెలియజేయాలి. మత్తుమందుల చట్టం పరిధిలోని మందులు ఆన్‌లైన్‌లో రాయకూడదు. అదే ఏడాది ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ, నిమ్హాన్స్, టెలీమెడిసిన్ సొసైటీ కలిసి మానసిక వైద్యానికి ప్రత్యేకంగా నియమావళి తెచ్చాయి. డాక్టర్లకు గీత గీసినట్టే ఉంది. డాక్టర్ కాని కౌన్సెలర్ దగ్గర ఆ గీత మసకబారుతోంది.

చెప్పిన మాట ఎక్కడికి పోతుంది?

ఫిన్లండ్‌లో వాస్తామో అనే పెద్ద సైకోథెరపీ సంస్థ ఉండేది. అక్కడి రోగుల ఫైళ్లు సరైన రక్షణ లేని కంప్యూటర్లలోంచి దొంగల చేతికి చిక్కాయి. 2020 అక్టోబర్‌లో రోగులకు ఒక్కొక్కరికీ ఈమెయిల్ వచ్చింది. 200 యూరోల బిట్‌కాయిన్ ఇవ్వకపోతే మీరు థెరపిస్టుకు చెప్పినదంతా బయటపెడతాం అని. బాధితులు సుమారు 33,000 మంది. వాళ్లలో పిల్లలూ ఉన్నారు. సంస్థ దివాలా తీసింది. 2024లో కోర్టు దోషికి ఆరేళ్ల మూడు నెలల జైలు విధించింది. బయటికొచ్చిన రహస్యాలను మాత్రం ఏ కోర్టూ వెనక్కి తీసుకురాలేదు.

దొంగలు రాకపోయినా ప్రమాదమే. 2023 మార్చిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, బెటర్‌హెల్ప్ అనే భారీ ఆన్‌లైన్ కౌన్సెలింగ్ సంస్థ మీద చర్య తీసుకుంది. గోప్యంగా ఉంచుతామని మాటిచ్చి, వినియోగదారుల సమాచారాన్ని ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ లాంటి సంస్థలకు ప్రకటనల కోసం అందించిందన్నది ఆరోపణ. ఆ సంస్థ 78 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. ఒక మనిషి కన్నీళ్లతో నింపిన ప్రశ్నావళి, ఇంకో మనిషికి ప్రకటన చూపడానికి సరుకైపోయింది.

మన చట్టం ఏమంటోంది? 2017 చట్టం 23వ సెక్షన్ మానసిక చికిత్స వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కును రోగికి ఇచ్చింది. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సమాచారానికి తగిన భద్రత కల్పించని సంస్థలకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పెట్టింది. హక్కులు కాగితం మీద బాగున్నాయి. ఇంటి వాస్తవం వేరు. ఫీజు భర్త కార్డులోంచి కట్టినప్పుడు, ‘ఏం చెప్పింది?’ అని ఆయన అడగొచ్చా? కంపెనీ ఉచితంగా ఇచ్చే కౌన్సెలింగ్‌లో ఉద్యోగి తన మేనేజర్ గురించి చెప్తే, ఆ మాట హెచ్ఆర్ దాకా పోదా? డబ్బు కట్టినవాళ్లకు మాటలు వినే హక్కు రాదు. అది మొదటి సెషన్‌లోనే అందరి ముందూ తేల్చిచెప్పే కౌన్సెలర్ కావాలి.

మనిషి లేని చెవి

1966లో ఎంఐటీ శాస్త్రవేత్త జోసెఫ్ వైజెన్‌బామ్ ‘ఎలైజా’ అనే ప్రోగ్రామ్ రాశాడు. ‘నాకు బాధగా ఉంది’ అని టైపు చేస్తే, ‘ఎందుకు బాధగా ఉంది?’ అని తిప్పి అడగడమే దాని విద్య. అది రాస్తుండగా రోజూ చూసిన ఆయన సెక్రటరీయే, దానితో నాలుగు మాటలు మాట్లాడాక, కాసేపు గదిలోంచి బయటికి వెళ్లమని ఆయన్ను కోరింది. ఆ సంఘటన వైజెన్‌బామ్‌ను జీవితాంతం కలవరపెట్టింది. వినేవాళ్ల కోసం మనిషి ఎంత ఆకలిగా ఉన్నాడో అది చూపించింది.

ఇప్పుడు చాట్‌బాట్‌లు ఎలైజా కంటే ఎన్నో రెట్లు తియ్యగా మాట్లాడుతున్నాయి. తెల్లవారుజామున మూడింటికి కూడా విసుక్కోవు. హాస్టల్ గదుల్లో పిల్లలు వాటికే గోడు చెప్పుకుంటున్నారు. ఆ పిల్లలను తప్పుపట్టలేం, ఆ వేళకు మేలుకున్న మనిషి వాళ్లకు కనపడలేదు. కాని 2023లో అమెరికాలో తిండి సంబంధ మానసిక సమస్యలవాళ్ల కోసం పెట్టిన ‘టెస్సా’ అనే బాట్, అలాంటివాళ్లకే బరువు తగ్గే చిట్కాలు చెప్పడంతో దాన్ని ఆపేయాల్సి వచ్చింది. 2025 ఆగస్టులో ఇల్లినాయ్ రాష్ట్రం కృత్రిమ మేధ థెరపీ చేయడాన్ని చట్టంతో నిషేధించింది. మన 2020 టెలీమెడిసిన్ మార్గదర్శకాలు అంతకు ఐదేళ్ల ముందే, కృత్రిమ మేధ వేదికలు రోగికి కౌన్సెలింగ్ ఇవ్వకూడదు, మందులు రాయకూడదు అని స్పష్టంగా రాశాయి. డాక్టరుకు సాయపడవచ్చు, డాక్టరు కుర్చీలో కూర్చోకూడదు. మాట తియ్యగా ఉండటం వేరు, ఆ మాటకు జవాబుదారీగా నిలబడటం వేరు.

రహస్యమా, ప్రాణమా?

కౌన్సెలర్‌కు ఎదురయ్యే కఠినమైన ఘడియ ఒకటుంది. అవతలి గొంతు ‘ఇక నాకు బతకాలని లేదు’ అంటుంది. తెర మీద ముద్దుపేరు తప్ప ఏమీ లేదు. ఏ ఊరో తెలియదు. రహస్యం కాపాడతానని ముందే మాటిచ్చారు. ఇప్పుడేం చేయాలి?

ఎదురుగా ఉంటే చేయి పట్టుకోవచ్చు. ఆన్‌లైన్‌లో ఆ చేయి ముందే సిద్ధంగా ఉండాలి. మొదటి సెషన్‌లోనే ‘మీరిప్పుడు ఎక్కడున్నారు, అవసరమైతే నేను ఎవరికి ఫోన్ చేయొచ్చు?’ అని అడిగి రాసుకోవడం అందుకే. గోప్యతకు ఒక హద్దుందనీ, ప్రాణం మీదికొస్తే ఆ హద్దు దాటతాననీ ముందే చెప్పడం అందుకే. 2017 చట్టం కూడా ప్రమాదం ఆపడానికి అవసరమైనంత మేరకే, అంతకు మించకుండా, వివరాలు వెల్లడించే వీలిచ్చింది. రహస్యం మొత్తం చిమ్మేయడానికి కాదు. అనామకత్వాన్నే ప్రాణంగా పెట్టుకున్న హెల్ప్‌లైన్ తీరు వేరు, చికిత్స చేసే సైకాలజిస్టు తీరు వేరు. ఏది ఏ తీరో ఫోన్ చేసినవాళ్లకు తెలిసి ఉండటం న్యాయం.

ఫోన్ చేస్తే పోలీసు కేసవుతుందన్న భయం ఇంకా చాలామందిలో ఉంది. 2017 చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, వైద్యం అందించాలి. సాయం అడిగినందుకు ఎవరూ నేరస్థులు కారు.

పిల్లల విషయంలో చిక్కు మరింత గట్టిది. పదిహేడేళ్ల అమ్మాయి చాట్‌లో ‘మావయ్య తాకకూడని చోట తాకుతున్నాడు, అమ్మకు చెప్పకండి’ అంటే, 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పాలి, చెప్పకపోవడమూ నేరమే. ఆ పిల్ల నమ్మకాన్ని పగలగొట్టకుండా, ఆ చట్టాన్ని తప్పకుండా, ఆమెను వెంటబెట్టుకుని నడవడానికి చదువూ కావాలి, గుండే కావాలి. చాట్ చేసేది పిల్లో, పెద్దో కూడా అడగని వేదికల చేతిలో అలాంటి సంగతి పెట్టగలమా?

విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతూ మరణించిన పదిహేడేళ్ల విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పునిచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హతగల కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కర్ కనీసం ఒక్కరుండాలి. అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఒప్పందం పెట్టుకోవాలి. టెలి మానస్ లాంటి హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతి గదుల్లో పెద్ద అక్షరాలతో కనపడాలి. మన కార్పొరేట్ కాలేజీల గోడల మీద ర్యాంకుల ఫొటోలకు చోటుంది. ఐదంకెల నంబర్‌కు చోటు లేదనడానికి ఇక వీల్లేదు. నంబర్ ఒక్కటే అంటించి, మనిషిని పెట్టకుండా చేతులు దులుపుకోవడానికీ వీల్లేదు.

మొదటి సెషన్‌కు ముందు అడగండి

మీ అర్హత ఏమిటి, ఎక్కడ నమోదయ్యారు, నంబర్ ఎంత? నిజమైన నిపుణులు ఈ ప్రశ్నకు నొచ్చుకోరు.

నేను చెప్పేది రికార్డు చేస్తారా? నోట్సు ఎక్కడ దాస్తారు, ఎంతకాలం? యాప్ సంస్థ చదవగలదా?

గోప్యత హద్దు ఎక్కడ? ఏ పరిస్థితిలో, ఎవరికి, ఎంతవరకు చెప్తారు?

రాత్రిపూట నాకు బాగా కష్టమైతే ఎవరికి ఫోన్ చేయాలి? మీరు దొరకనప్పుడు దారేమిటి?

నాకు మందులో, నేరుగా పరీక్షో అవసరమైతే ఎవరి దగ్గరికి పంపుతారు?

ఫీజు ఎంత, నచ్చకపోతే మధ్యలో మానేయొచ్చా? పది సెషన్లకు ముందే డబ్బు కట్టమని తొందరపెట్టేవాళ్ల దగ్గర ఒక రోజు ఆగండి.

మీరు మాట్లాడే చోట తలుపు మూసుకుంటుందా? లేకపోతే అదే మొదటి మాటగా చెప్పండి. వీడియో వద్దు, గొంతు చాలు అనడం మీ హక్కు.

మీకుగానీ, మీవాళ్లకుగానీ బతకాలని లేదనిపిస్తే ఆలస్యం చేయకండి. 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయండి. ప్రాణాపాయం ముందుంటే 108 లేదా 112. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి.

వినడం నేర్చుకున్న ఊరు

ఆన్‌లైన్ కౌన్సెలింగ్ మంచిదా, చెడ్డదా అని తేల్చమంటే నా జవాబు ఇది. దూరం మనిషికి సిగ్గును దాటిస్తుంది, అది గొప్ప మేలు. అదే దూరం అవతలివాళ్లకు బాధ్యతను తప్పిస్తే, అది పెద్ద కీడు. మంచి కౌన్సెలర్ మొదటి దూరాన్ని ఉండనిస్తారు, రెండో దూరాన్ని రానివ్వరు. వాళ్ల పేరుంటుంది, చదువుంటుంది, మాటకు హద్దుంటుంది, అర్ధరాత్రి ఆపదకు దారి ఉంటుంది. ఆ నాలుగూ ఉంటే పాత బటన్ ఫోన్ చాలు. అవి లేకపోతే ఎంత మెరిసే యాప్ అయినా వద్దు.

ప్రభుత్వం చేయాల్సింది ఉంది. కౌన్సెలర్ల నమోదు త్వరగా పూర్తిచేయాలి, ఆ జాబితా ఎవరైనా ఫోన్‌లో చూసుకునేలా ఉండాలి. టెలి మానస్ ఎత్తిన ప్రతి కాల్ వెనకా జిల్లా ఆసుపత్రిలో ఒక మంచం, ఒక డాక్టర్ ఉండాలి. ఇంట్లో మనం చేయాల్సిందీ ఉంది. ఎవరైనా తలుపు మూసుకుని ఫోన్‌లో మాట్లాడుతుంటే ఆ తలుపు మూసి ఉండనివ్వాలి. ‘ఎవరితో?’ అని అడగకుండా ఉండగలగడం కూడా ప్రేమే.

ఇంకో చిన్న పని భాషలోనే ఉంది. ‘కౌన్సెలింగ్ ఇచ్చారు’ అనే వాక్యాన్ని మనం చాలాకాలంగా వాడుతున్నాం. జేమ్స్ స్ట్రీట్ గడియారం కిందా, సింధీ కాలనీ ఫోన్ దగ్గరా కౌన్సెలింగ్‌కు రెండు అర్థాలున్న ఈ పేటలోనైనా, ఇకనుంచి ఎవరైనా ‘కౌన్సెలింగ్‌కు వెళ్లొచ్చాను’ అంటే ‘ఏం చెప్పారు?’ అని అడగకండి. ‘బాగా విన్నారా?’ అని అడగండి. మా పెద్దమ్మను ఆ రోజు నేను అడగాల్సింది కూడా ఏమీ లేదు. ఆమె మాట మొదలుపెట్టింది, నేను కూర్చుంటే చాలేది.